ఆ అరగంట తెలిసిన డాక్టరు

గుంతకల్లు,
జూన్.

సుల్తానా,

ఇప్పుడే నీతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాను. వెంటనే కాగితం తీసుకున్నాను. "బాగుండానే పద్మా" అన్నావు నువ్వు. నీ వెనక నుంచి మీ ఆయన ఖాజా "యాడ బాగుండావు? మొన్న ఫ్యాక్టరీలో పడిపోయింది చెప్పవేం?" అనడం నాకు స్పష్టంగా వినిపించింది. నువ్వు నవ్వి, మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగావు.

అనంతపురం హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నోటితో అడిగితే నువ్వెప్పుడూ బాగానే ఉంటావు. కాగితం మీద మాత్రం నీకు అబద్ధం రాదు. అందుకే ఉత్తరం అడుగుతున్నాను. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది, పడిపోయే ముందు ఏమవుతుంది, ఎవరెవరు చూశారు, ఏమన్నారు, అన్నీ రాయి. డాక్టర్లకు నీ మాట వినే తీరిక లేకపోవచ్చు. నాకుంది.

రైల్వే ఆఫీసులో ఇన్నేళ్ళు గుమాస్తాగిరీ చేసి నేను నేర్చుకున్నది ఒకటే, విసుక్కోకుండా పదిమందిని అడగడం. ఆ పని నీకోసం చేస్తాను.

నీ
పద్మప్రియ

---

రాయదుర్గం,
జూన్.

పద్మా,

రాయమన్నావు కదా, రాస్తున్నాను. మధ్యలో భయపడకు.

రెండేళ్ళ కిందట మొదలైంది. మా యూనిట్లో జీన్స్ ప్యాంట్లు కుట్టే హాలుకూ ఇస్త్రీ గదికీ మధ్య తలుపు లేదు. ఆవిరంతా మా మీదికే వస్తుంది. ఒక మధ్యాహ్నం మిషను మీద ఉండగా అరచేతులు దురద పెట్టాయి. తర్వాత మెడ, ముఖం ఎవరో చెంపలు వాయించినట్టు ఎర్రబడ్డాయి. కడుపులో మెలిపెట్టింది. బాత్రూముకు పరిగెత్తాను. గుండె దడదడ కొట్టుకుని కళ్ళు చీకట్లు కమ్మాయి. లేచేసరికి నేల మీద ఉన్నాను. అరగంట పోతే ఆ ఎరుపు లేదు, ఆ దురద లేదు. ఒళ్ళు మాత్రం పిండి ఆరేసిన గుడ్డలా అయిపోయింది. అప్పటి నుంచి నెలకోసారి, ఒక్కో నెల రెండుసార్లు. ఎండ ఎక్కువైనా వస్తుంది, ఏమీ లేకపోయినా వస్తుంది. నడుం నొప్పికి మాత్ర వేసుకున్న రోజు వచ్చినంత గట్టిగా ఎప్పుడూ రాలేదు.

మరుసటి రోజు మామూలుగా ఉంటాను కాబట్టి ఎవరూ నమ్మరు. సూపర్వైజర్ తిప్పయ్య అందరి ముందే అడిగాడు: "ఏమ్మా, జ్వరం లేదు, దెబ్బ లేదు. ఇంగేం రోగముండాది నీకు? పని బరువైతే చెప్పు."

అనంతపురంలో చర్మం డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన దగ్గరికి చేరేసరికి దద్దుర్లు పోయాయి. పూత మందు ఇచ్చాడు. కడుపు డాక్టరు గొట్టం వేసి చూసి అంతా శుభ్రంగా ఉందన్నాడు. గుండె డాక్టరు గుండె గట్టిదన్నాడు, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. నాలో ఏ ముక్కకు ఆ ముక్క బాగుందట పద్మా. ముక్కలన్నీ కలిపి నేనే పడిపోతున్నాను.

అత్తమ్మ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. "డాక్టర్లకు దొరకనిది గాలే అయ్యుంటాది" అంటుంది. కోపం తెచ్చుకోకు, ఆమెకు నా మీద ప్రేమే. ఫాతిమాబీ అత్తమ్మ ఎవరికోసమైనా అంత దూరం నడిచింది నేను ఇంతకుముందు చూడలేదు.

నేను పనికి పోలేని రోజుల్లో ఖాజా ఆటో స్టాండు నుంచి మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చి నన్ను చూసి పోతాడు, ఏదో మరిచిపోయినట్టు నటిస్తూ.

సుల్తానా

---

గుంతకల్లు,
జూలై.

సుల్తానా,

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి ఇదే పని. అనంతపురంలో అలర్జీ అని బోర్డున్న చోటికల్లా ఫోను చేశాను. ఒక చోట ఫోనెత్తిన అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "మేడం, మా సార్ తుమ్ములు, ఆయాసం మాత్రమే చూస్తాడు. ఇన్ని కలిపి చూడడు" అంది. కర్నూల్లో ఒకాయన రమ్మన్నాడు, తీరా అడిగితే ఆయనది పిల్లల వైద్యం.

ఇంటర్నెట్లో నీ లక్షణాలన్నీ ఒక్కచోట కనిపించే పేరు ఒకటి దొరికింది. మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్. నాకర్థమైనంత వరకు ఇదీ సంగతి. చర్మంలో, పేగుల్లో, శ్వాసనాళాల్లో మాస్ట్ కణాలని కాపలావాళ్ళ లాంటివి ఉంటాయి. ఒంట్లోకి రాకూడనిది వస్తే అవి కొన్ని రసాయనాలు వదిలి గోల చేస్తాయి. ఈ జబ్బులో ఎవరూ రాకపోయినా గోల చేస్తాయి. అందుకే ఒక్కసారిగా చర్మం, కడుపు, గుండె అన్నీ కలిసి తిరగబడతాయి.

నేను డాక్టరును కాదు, తప్పు కావచ్చు. అందుకే బెంగుళూరులో ఈ జబ్బు చూసే డాక్టరమ్మ ఒకామెను వెతికి ఆగస్టుకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నువ్వు, ఖాజా బస్సులో రండి. నేను రైల్లో వస్తాను. ఖాజా బండి ఒక రోజు ఆగితే ఊరేం ఆగదు.

పద్మ

---

రాయదుర్గం,
ఆగస్టు.

పద్మా,

బెంగుళూరులో నువ్వు పక్కనే కూర్చున్నావు గానీ, నాకర్థమైంది సరిగ్గా ఉందో లేదో చూడు.

ఆమె అన్నది: "ఇదే కావచ్చు. కానీ 'కావచ్చు' అని ఊరుకోలేం. రుజువు కావాలి." మాస్ట్ కణాలు రెచ్చిపోయినప్పుడు రక్తంలో ట్రిప్టేజ్ అనేది పెరుగుతుంది. కొన్ని గంటల్లో మళ్ళీ దిగిపోతుంది. కాబట్టి బాగున్నప్పుడు ఒకసారి, పడిపోయిన వెంటనే ఒకసారి రక్తం తీసి పోల్చాలి. బాగున్నప్పటిది అక్కడే తీశారు. రెండోదానికి నేను పడిపోయి బెంగుళూరు చేరేలోపు సగం రోజు అయిపోతుంది. "మీ ఊళ్ళోనే ఒక డాక్టరును పట్టుకోండి. రక్తం తీయాలి, ప్రాణం మీదికి వస్తే చూడాలి. నేను ఫోన్లో ఉంటాను" అంది. అంతవరకు రోజూ అలర్జీ మాత్రలు వేసుకోమని, నొప్పి మాత్రలు ముట్టవద్దని చెప్పింది.

అంటే బెంగుళూరులో స్పెషలిస్టు దొరికినా సరిపోదు. నాకు ఇక్కడ ఒక డాక్టరు కావాలి.

వచ్చిన వారమే ఇక్కడ ఒక డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చదివి నవ్వాడు. "బెంగుళూరోళ్ళు మొదలుపెట్టినారు కదమ్మా, వాళ్ళే చూసుకోవల్ల." కళ్యాణదుర్గంలో ఇంకొకాయన మంచివాడే, అంతా విన్నాడు. చివరికి ఖాజాను బయటికి పిలిచి "నాకీ జబ్బు తెలియదప్పా. పడిపోయినప్పుడు ఈడికి తేవద్దు, నేరుగా అనంతపురం తీసుకపోండి" అన్నాడట. అనంతపురం దారి పొడవునా నేను తెలివిలో ఉంటానని ఆయన అనుకున్నాడేమో.

మాత్రలతో కాస్త నయం. దిగులు పడకు.

సుల్తానా

---

గుంతకల్లు,
సెప్టెంబరు.

సుల్తానా,

నువ్వు రాసినదంతా సరిగ్గా ఉంది. రాయనిది ఒకటుంది.

బెంగుళూరు ఆసుపత్రిలో బీపీ చూడడానికి నువ్వు చెయ్యి చాచినప్పుడు నీ గాజులు మోచేతి దాకా జారాయి. క్యాంటీన్లో నువ్వు ఉత్త అన్నం తిని, అది కూడా సగం వదిలేశావు. ఖాజాను అడిగితే, ఆర్నెల్ల నుంచి అంతేనన్నాడు. ఒకసారి పప్పు తిన్నాక వచ్చిందని పప్పు మానేశావట. ఇంకోసారి టమాటా. తర్వాత గుడ్డు, పెరుగు, గోంగూర. ఇప్పుడు అన్నం, నెయ్యి, ఉడికించిన సొరకాయ. ఇది ఎందుకు రాయలేదు? కాగితం మీద నీకు అబద్ధం రాదనుకున్నాను. రాయకుండా వదిలేయడం మాత్రం బాగా వచ్చన్నమాట.

తిండి మానేస్తే జబ్బు పోదు, మనిషి పోతుంది. ఏది నిజంగా పడదో, ఏది భయమో డాక్టరు తేల్చాలి, నువ్వు కాదు.

డాక్టరు కోసం వెతుకుతూనే ఉన్నాను. మా రైల్వే ఆసుపత్రి ఉద్యోగులకే. అయినా అక్కడి పెద్ద డాక్టరును అడిగాను. ఇలాంటివి చూసినవాళ్ళు దగ్గర్లో ఎవరూ తెలియదన్నాడు. బళ్ళారిలో కూడా అడిగిస్తున్నాను.

ఎండలో తిరగకు. ఒంటరిగా ఎక్కడికీ పోకు.

పద్మ

---

రాయదుర్గం,
సెప్టెంబరు.

పద్మప్రియకు,

కొన్నాళ్ళుగా ఖాజా నన్ను నీళ్ళ బిందె ఎత్తనివ్వడం లేదు. బాత్రూము గడియ పీకేశాడు. ఫ్యాక్టరీకి పోయి, నేను ఇక రానని నాకు చెప్పకుండా తిప్పయ్యకు చెప్పి వచ్చాడు. ఎందుకని పట్టుబట్టి అడిగితే నిన్న ఏడ్చాడు. ఆటో తోలేవాడు పద్మా, నడివీధిలో లారీవాళ్ళతో తగువు పెట్టుకునేవాడు, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాడు. "పద్మక్క చెప్పినాది. ఈతూరి గట్టిగా వస్తే నువ్వు లేవకపోవచ్చంట. డాక్టరమ్మ అన్నాదంట" అన్నాడు.

నేను పక్క గదిలో రక్తం ఇస్తుంటే ఆమె నీతో అన్న మాట అది. నువ్వు గుంతకల్లు పోయి ఖాజాకు ఫోను చేసి చెప్పావు. నాకు మాత్రం "ఎండలో తిరగకు" అని రాశావు.

తిండి సంగతి నేను దాచాను. నా తిండి, నా భయం. కానీ ఈ మాట కూడా నాదే. ప్రాణం నాదైనప్పుడు కబురు ముందు నాకే రావాలి.

కొన్నాళ్ళు రాయకు.

సుల్తానా

---

గుంతకల్లు,
అక్టోబరు.

సుల్తానా,

రాయవద్దన్నావు. రాయక తప్పనిది ఒకటి దొరికింది, లేకపోతే నీ మాట దాటేదాన్ని కాదు.

ముందు ఇది. నువ్వు అన్నది నిజం. నీకు చెప్పే ధైర్యం లేక ఖాజాకు చెప్పాను. భయం నీ దగ్గర పెట్టకుండా అతని నెత్తిన పెట్టాను. ఇంకోసారి అలా చెయ్యను.

ఇప్పుడు అసలు సంగతి. మా సెక్షన్లో హనుమంతరాయుడని పెద్దాయన ఉన్నాడు. ఆయన భార్య బయమ్మ పుట్టిల్లు మీ రాయదుర్గమే. పోయిన ఏడాది ఆమెకు పిత్తాశయంలో రాళ్ళకు అక్కడే ఒక నర్సింగ్ హోంలో ఆపరేషన్ అయింది. నిన్న టీ తాగేటప్పుడు ఏదో మాటల్లో ఆ సంగతి చెప్పాడు.

"మత్తు ఇయ్యకముందే ఏందో సూది వేసినారు మేడం. వేసినంతనే మనిషి ఎర్రగా కందిపోయె, బీపీ పడిపోయె. ఆ మత్తు డాక్టరు ఉండాడే, మారు మాట్లాడకుండా తొడలో ఇంగో సూది పొడిచినాడు. మనిషి తిరిగొచ్చె. అంతటితో వదల్లేదు, రక్తం తీసి బెంగుళూరికి పంపిచ్చినాడు. అదేదో ట్రిప్టేజో, గిప్టేజో..."

నా చేతిలో గ్లాసు అక్కడే పెట్టేశాను. "ఏమన్నావు? మళ్ళీ చెప్పన్నా" అని ఆ మాట మళ్ళీ అనిపించుకున్నాను.

రైల్వే ఆసుపత్రి డాక్టరును మళ్ళీ అడిగితే చెప్పాడు. ఆపరేషన్ బల్ల మీద ఏ మందు ఎవరికి పడకపోతుందో తెలియదు కాబట్టి, మాస్ట్ కణాలు విరుచుకుపడటం మత్తు డాక్టర్లు కళ్ళారా చూస్తూనే ఉంటారట. ఆ విరుగుడు సూది ఎప్పుడూ వాళ్ళ చేతికి అందేలా ఉంటుందట. మనం చర్మం, కడుపు, గుండె, అలర్జీ అని బోర్డులు వెతికాం. మత్తు డాక్టరుకు బోర్డే ఉండదు.

ఆయన పేరు శ్రీరంగప్ప. మీ ఊళ్ళోనే ఉంటాడు. పోవాలో వద్దో నువ్వే నిర్ణయించుకో. ఈసారి ఖాజాకు ఫోను చెయ్యలేదు.

పద్మ

---

రాయదుర్గం,
నవంబరు.

పద్మా,

పోయాం. నేనూ, ఖాజా, అత్తమ్మ.

పొద్దుటి ఆపరేషన్ ముగించుకుని నర్సింగ్ హోం వరండాలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తెల్లటి మీసాలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. చీటీ ఇవ్వబోతే పక్కన పెట్టమన్నాడు. "ముందు నువ్వు చెప్పమ్మా. పడిపోయేటప్పుడు మొదట యాడ తెలుస్తాది?"

అరచేతుల్లో అన్నాను. తలూపాడు. "తర్వాత మెడ?" అన్నాడు. "ఆ తర్వాత ఏందో కీడు జరగబోతాందని దిగులు పుడతాది, అవునా?" అన్నాడు. పద్మా, ఆ దిగులు సంగతి నేను నీకు కూడా రాయలేదు. పిచ్చిదాన్ని అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. అదీ జబ్బులో భాగమేనట.

అంతా విన్నాక అన్నాడు. "నేను ఈ జబ్బుకు స్పెషలిస్టును కాదమ్మా. జనాన్ని నిద్రబుచ్చి లేపేటోణ్ణి. ఏండ్ల తరబడి వాడాల్సిన మందులు బెంగుళూరు ఆమెనే చెప్పల్ల. కానీ నువ్వు చెప్తాండే ఆ అరగంట ఉండాదే, అది నాకు బాగా తెలుసు. ఆ అరగంట నాది."

అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోను చేశాడు. ఇద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఖాజా వైపు కాదు, నా వైపే తిరిగి చెప్పాడు: "ఇది ప్రాణం తీసే రోగమే. కానీ టయానికి సూది పడితే తీయలేదు. రెండూ గుర్తు పెట్టుకో." నీ నోట వినాల్సిన మాట ఆయన నోట విన్నాను. విన్నాక అనుకున్నంత భయం వేయలేదు. నీ మీద కోపం కూడా అక్కడే ఎక్కడో పోయింది.

సూది ఇంట్లో పెట్టుకోవాలి. ఎలా పొడవాలో నేర్పడానికి చీనీకాయలు తెప్పించాడు. ఖాజా మొదటిసారికే నేర్చుకున్నాడు. అత్తమ్మ సిరంజి చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "మనిషి తొడలో సూది పొడిచేది నా వల్ల కాదప్పా."

"మీ వాడు ఆటో తోలుకోని పోతాడు. కోడలు పడిపోయినప్పుడు ఇంట్లో ఉండేది ఎవరమ్మా?" అన్నాడు ఆయన.

అత్తమ్మ చెంగు నడుముకు దోపుకుంది. తర్వాత బిస్మిల్లా అని ఒక చీనీకాయను పొడిచింది. ఇంటికొచ్చాక బుట్టలో ఉన్న కాయలన్నిటినీ పొడిచింది. మూడు రోజులు ఇంటిల్లిపాదికీ చీనీ రసమే, నాకు తప్ప.

సుల్తానా

---

గుంతకల్లు,
డిసెంబరు.

సుల్తానా,

నీ ఉత్తరం చేరింది. కోపం పోయిందన్న వాక్యం మాత్రం మళ్ళీ చదివాను.

మాట ప్రకారం, నాకు తెలిసింది ముందు నీకే చెప్తున్నాను. నిన్న డాక్టరమ్మతో మాట్లాడాను. రెండో పరీక్షలో ట్రిప్టేజ్ పెరగకపోవచ్చు కూడా అంది. అప్పుడు ఈ పేరు కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. పెరిగితే ఇంకో రెండు మందులు కలుపుతుంది, అవి ఒంటికి పట్టడానికి వారాలు పడుతుంది. ఇంతే. ఇంకేమీ దాచలేదు.

ఎంత విచిత్రమో చూడు. నీకు మళ్ళీ రాకూడదని మొక్కుకుంటూనే, వస్తే రుజువు దొరుకుతుందని ఎదురుచూస్తున్నాను.

పద్మ

---

రాయదుర్గం,
జనవరి.

పద్మా,

వచ్చింది. బతికే ఉన్నాను, కూర్చునే రాస్తున్నాను.

మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. ఎండ కూడా లేదు. అరచేతులు మొదలుపెట్టాయి. మెట్లు దిగి వంటింటి దాకా వచ్చాను. ఈసారి గొంతు కూడా బిగుసుకుంది. "అత్తమ్మా" అని పిలవబోతే మాట బయటికి రాలేదు. గోడకు జారబడ్డాను.

ఆమె చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అల్మారా తీసింది, నా కాళ్ళు చాపింది, చీర మీదనే తొడలో సూది దించింది. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. "నాకు తెలుసు, నాకు తెలుసు, పండుకో బిడ్డా, లేయొద్దు" అంటూ నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఊపిరి లోపలికి పోవడం నాకు తెలిసింది పద్మా. మూసుకుపోయిన తలుపు కొద్దిగా తెరుచుకున్నట్టు.

ఎదురింటివాళ్ళ బండిలో నర్సింగ్ హోంకు పోయేసరికి శ్రీరంగప్ప సారు థియేటరు టోపీతోనే బయటికొచ్చాడు. సెలైను పెట్టాడు, ఇంకో సూది వేశాడు, తన చేత్తోనే రక్తం తీశాడు. దాన్ని మంచుపెట్టెలో పెట్టించి బెంగుళూరు పంపాడు. ఆ రాత్రంతా అక్కడే ఉంచుకున్నాడు.

నిన్న ఫలితం వచ్చింది. బాగున్నప్పటి కంటే మూడు రెట్లు పైన. సారు కాగితం చూపించి, "నీది భ్రమ కాదమ్మా. నీ రక్తమే సాక్షి చెప్పినాది" అన్నాడు. ఇన్నాళ్ళూ పడిపోయినప్పుడు ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను. ఖాజా ఏం చేయాలో తోచక బయటికి పోయి ఆటో తుడుచుకున్నాడు.

అత్తమ్మ వీధంతా తిరిగి చెప్పి వచ్చింది. నా జబ్బు గాలి అన్నది తనే. ఇప్పుడు ఎవరైనా తాయెత్తు మాటెత్తితే కసురుకుంటుంది. "గాలీ లేదు, ధూళీ లేదు. మా కోడలికుండేది మాస్టు సెల్లు. నేనే సూది పొడిచినా" అంటుంది.

సుల్తానా

---

గుంతకల్లు,
ఫిబ్రవరి.

సుల్తానా,

ఆఫీసులో చదవకుండా ఉండాల్సింది. నేను ఏడవడం చూసి హనుమంతరాయుడు భయపడి నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. సంగతి చెప్తే ఆయనే కూర్చుని ఆ నీళ్ళు తాగేశాడు.

కొత్త మందులు ఎలా పడుతున్నాయి? ఫాతిమాబీ అత్త చేతికి నా తరఫున ముద్దు పెట్టు. ఆమె ఒప్పుకోదు, అయినా పెట్టు.

పద్మ

---

రాయదుర్గం,
ఏప్రిల్.

పద్మా,

ఆలస్యమైంది. మందులు కుదురుకోవడానికి టైం పట్టింది. రెండుసార్లు చిన్నగా వచ్చింది, దురద, ఎరుపు, అంతే. పడిపోలేదు. జబ్బు పోదు, తోడుగానే ఉంటుందని ఇద్దరు డాక్టర్లూ చెప్పారు. తిప్పయ్య మనిషిని పంపాడు, ఇస్త్రీ గదికి దూరంగా కిటికీ పక్కన మిషను వేయిస్తానన్నాడు. రంజాన్ ముందే అయిపోయింది, ఉపవాసాలు ఉండలేదని నాకు వెలితిగా ఉంది గానీ అత్తమ్మ ఒక్క మాట అనలేదు. వచ్చే నెల నుంచి పనికి పోతాను. ఈసారి ఆ కబురు నేనే పోయి చెప్పాను.

నిన్నటి సంగతి చెప్పాలి. మానేసిన తిండి ఒక్కొక్కటే మళ్ళీ తిని చూద్దామని శ్రీరంగప్ప సారు అన్నాడు. డాక్టరమ్మ కూడా సరేనంది. ఇంట్లో కాదు, ఆయన కళ్ళ ముందే. "మొదట ఏది తింటావో నువ్వే చెప్పు" అన్నాడు. ఉడికించిన చెనిక్కాయలు అన్నాను.

అత్తమ్మ పొద్దున్నే ఉడకేసి టిఫిన్ డబ్బాలో తెచ్చింది. నర్సింగ్ హోం వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. లోపల ఆపరేషన్ జరుగుతోంది. మొదట ఒక్క గింజ. ఆగాం. తర్వాత రెండు. మళ్ళీ ఆగాం. ఖాజా నా అరచేతులు తిప్పి తిప్పి చూస్తున్నాడు. మధ్యలో తలుపు తెరుచుకుని సారు మాస్కు దించి అడిగాడు.

"ఏమైనా అయితాందా?"

"ఏమీ కాలేదు సార్."

"ఇంగో నాలుగు తిను" అని లోపలికి పోయాడు.

అలా మధ్యాహ్నం దాకా తిన్నాను. అరచేతులు ఊరుకున్నాయి. మెడ ఊరుకుంది. చివరి కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాక, ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది.

"అత్తమ్మా, ఉప్పెక్కువైంది."

ఇద్దరూ నా వైపు చూశారు. ఏడాది పాటు నేను తిండి వైపు భయంగా చూడటమే గానీ ఇది బాగుంది, అది బాగాలేదు అన్న మాట మా ఇంట్లో ఎవరూ నా నోట వినలేదు. ఖాజా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అత్తమ్మ మాత్రం డబ్బా మూత టపీమని పెట్టి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ కసిరింది.

"ఉప్పెక్కువైతే రేపు నువ్వే ఉడకేసుకో పో."

పొద్దున్నే చెనిక్కాయలు పొయ్యి మీద పెట్టాను. ఉడుకుతున్నాయి. ఉప్పు చూడాలి, ఉంటాను.

సుల్తానా